మూడో పిలుపు

నిన్న తమ్ముడు ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫొటో పెట్టాడు. ఎర్రటి కొండ, కొండ పొట్టలో పొడవాటి గుహ, ఆ గుహ నిండా ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు రాతి ఇళ్ళు. లోయకు ఇవతలి గట్టు మీద నిలబడి తీసినట్టున్నాడు, ఇళ్ళ కిటికీలు చీమల కన్నాల్లా ఉన్నాయి. కింద ఇలా రాశాడు: "దారి మూసేశారు. పైనుంచి రాళ్ళు పడుతున్నాయట. చిన్నప్పుడు నన్ను ఇక్కడికి తీసుకొచ్చామని అమ్మ అంటుంది. నాకేం గుర్తులేదు."

గుర్తుండదు మరి. అప్పటికి వాడికి మూడో నెల. పాలు తాగడం, నిద్రపోవడం, ఆ రెండూ కుదరకపోతే ఏడవడం వాడి పని. నాకు పదకొండేళ్ళు. ఇద్దరి జ్ఞాపకాలూ తారుమారు చేసుకునే వీలుంటే నేను ఎప్పుడో చేసుకుని ఉండేదాన్ని.

ఫొటో పెద్దది చేసి చూశాను. ఎడమవైపు చివర, ఒక పొట్టి గోడ ముందు, నేల మీద నల్లటి చదరపు మచ్చ ఉంది. అది మచ్చ కాదు, కన్నం. లోపలికి నిచ్చెన ఉంటుంది. ఆ కన్నంలో నేను ఒక మధ్యాహ్నం కూర్చున్నాను.

ఆ వేసవంతా అమ్మమ్మ మా దగ్గరే ఉంది. అమ్మ పురిటికని మన దేశం నుంచి వచ్చింది. వచ్చిన వారానికే మా రెండు గదుల అపార్ట్‌మెంట్ వాసన మారిపోయింది. పొద్దున వాము వేయించిన వాసన, మధ్యాహ్నం వెల్లుల్లి కారం, సాయంత్రం నువ్వులనూనె. తమ్ముడికి తలంటిన రోజున సాంబ్రాణి. సీలింగుకున్న స్మోక్ అలారానికి మన ఆచారాలు తెలియవు కాబట్టి సాంబ్రాణి పడీ పడగానే అది గొంతు చించుకునేది. నాన్న కుర్చీ ఎక్కి తువ్వాలుతో దానికి విసిరేవాడు. కింద అపార్ట్‌మెంట్ ముసలాయన చీపురు కర్రతో తన సీలింగును పొడిచేవాడు. అమ్మమ్మ మాత్రం కంగారు పడకుండా, పిల్లాడిని పొగ మీద అటూ ఇటూ తిప్పి, "మీ దేశంలో నిప్పుకంటే పొగకే భయం ఎక్కువే" అనేది.

తమాషా ఏమిటంటే ఆ పొగ ఆవిడకే పడేది కాదు. పొగ వేసేదీ ఆవిడే, ఆ తర్వాత గోడ పట్టుకుని ఆయాసపడేదీ ఆవిడే. అమ్మమ్మది ప్రకాశం జిల్లాలో పలకల రాయి తవ్వే ఊరు. పెళ్ళికి ముందూ తర్వాతా పలకలు కోసే షెడ్డులో పనిచేసి, ఆ రాతిపొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. ఆయాసం వచ్చినప్పుడు రెండుసార్లు నోట్లోకి కొట్టుకునే ఇన్‌హేలర్ ఒకటి తెచ్చుకుంది. దాని పేరు ఆవిడకు నోరు తిరగక "ఆ పీల్చేది" అనేది. చీరకు జేబుండదు, చేతిసంచీ ఎక్కడో పెట్టి మరిచిపోతుంది. అందుకని అది నా బాధ్యత అయింది. నడుముకు కట్టుకునే చిన్న ఎర్ర సంచీలో దాన్ని వేసి, జిప్పు లాగి, అమ్మ నాతో గట్టిగా చెప్పింది.

"ఇది ఆట వస్తువు కాదు. అమ్మమ్మ ఎక్కడుంటే నువ్వక్కడ. పక్కగదిలోకి వెళ్ళినా సరే. అర్థమైందా?"

అర్థమైంది. ఆ సంచీ కట్టుకుని పోలీసులా తిరిగేదాన్ని. అమ్మమ్మ బాత్రూమ్‌లోకి వెళ్తే తలుపు బయట నిలబడేదాన్ని. "నీడ కూడా ఇంత అంటిపెట్టుకుని ఉండదే అమ్మణ్ణీ" అని నవ్వేది. అమ్మణ్ణి నా పేరు కాదు. బడి పేరు వేరే ఉంది, ఇంట్లో పిలిచే పేరు వేరే ఉంది. అమ్మణ్ణీ అని మాత్రం ఆవిడ ఒక్కతే పిలిచేది. ఆ దేశం మొత్తం మీద నన్ను ఆ మాటతో పిలిచే గొంతు ఇంకొకటి లేదు. ఈ సంగతి మళ్ళీ అవసరమవుతుంది.

అమ్మ లేచి తిరుగుతున్నాక, అమ్మమ్మకు ఈ దేశంలో నాలుగు గోడలు తప్ప ఏదైనా చూపించాలని నాన్నకు పట్టుదల వచ్చింది. ఆఫీసులో ఎవరో చెప్పారట, ఎనిమిది గంటలు డ్రైవ్ చేస్తే కొండ గుహలో కట్టిన పాత ఊరు ఉందని, వందల ఏళ్ళ కిందట జనం దాన్ని వదిలి వెళ్ళిపోయారని. అమ్మ, "బాలింతను, పసివాడిని, ఆయాసం మనిషిని వేసుకుని పాడుబడ్డ ఊరికా?" అంది. నాన్న అప్పటికే మోటెల్ బుక్ చేసేశాడు.

మా ప్రయాణాలంటే వంటిల్లు కదిలి వెళ్ళడమే. పులిహోర, చపాతీలు, కందిపొడి, గోంగూర, పెరుగు తోడుపెట్టిన డబ్బా, వీటన్నిటి మీదా రైస్ కుక్కర్. మోటెల్ గదిలో వంట చేయకూడదని బోర్డు ఉంటుంది. నాన్న ఆఫీసులో ఎంత గొప్పవాడో నాకు తెలియదు గానీ, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, బాత్రూమ్‌లో ఫ్యాన్ వేసి, సింకు పక్కన కుక్కర్ పెట్టి అన్నం వండటంలో ఆయన్ను మించినవాణ్ణి నేను చూడలేదు.

కారులో వెనక సీట్లో ఒక పక్క తమ్ముడి సీటు, మధ్యలో నేను, ఇంకో పక్క అమ్మమ్మ. ఇళ్ళు అయిపోయి, పొలాలు అయిపోయి, ఒట్టి ఎర్రమన్ను మొదలయ్యాక అమ్మమ్మ కిటికీలోంచి చూస్తూ తన ఊరి కథ ఒకటి చెప్పింది. పలకల గని పక్కన కూలీల ఇళ్ళ వరుస ఒకటి ఉండేదట. గనిలో నీళ్ళు ఊరి పని ఆగిపోతే జనం ఆ ఇళ్ళు వదిలేసి పోయారట. తర్వాత ఆ దారిన పోతున్న ఒక మనిషిని ఎవరో పేరు పెట్టి పిలిచారు. వాళ్ళ అక్క గొంతేనట. "ఆఁ, వస్తున్నా" అని పలికి, ఆ ఇళ్ళ మధ్యలోకి వెళ్ళాడు. అంతే.

"అంతే అంటే?" అన్నాను.

"అంతేనే. చెప్పులు దొరికినయ్యి." అమ్మమ్మ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఒకటి గుర్తు పెట్టుకో. మనుషులు లేని చోట ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలకబాక. మీ అమ్మ గొంతైనా సరే, నా గొంతైనా సరే. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. వాటికి రెండుసార్లు పిలవడమే వచ్చు."

ముందు సీట్లోంచి అమ్మ వెనక్కి తిరిగి, "అమ్మా, దాన్ని భయపెట్టకు" అంది. నాకు భయం వేయలేదు. రహస్యం తెలిసినవాళ్ళకుండే గర్వం వచ్చింది. క్లాసులో ఇంకెవరికీ ఈ నియమం తెలిసి ఉండదు కదా అనుకున్నాను.

మర్నాడు పదకొండు గంటలకు ఆ కొండ మీద కారు ఆపాం. చుట్టూ పొట్టి చెట్లు, చెవుల్లో గుయ్యిమనే నిశ్శబ్దం. చాలా ఎత్తయిన చోటు, కాసేపు నడిస్తే నాకే ఆయాసం వచ్చింది. అమ్మమ్మ నీలం అంచు నేతచీర కట్టి, దాని కింద నాన్న కొన్న తెల్ల షూస్ వేసుకుంది. లోయలోకి తారుదారి మెలికలు తిరుగుతూ దిగుతుంది. రెండో మెలిక దగ్గర బెంచీ ఉంటే అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని అక్కడే కూర్చుండిపోయింది. "మీరు చూసి రండి, నేను వీడికి పాలు పడతాను" అంది. అక్కడి నుంచి ఊరు చెట్లు అడ్డమై కనపడదు గానీ, ఆ లోయలో మాట పైకి బాగా వినపడుతుంది. కిందికెళ్ళాక నాన్న ఏదో జోక్ వేస్తే పైన బెంచీ మీంచి అమ్మ నవ్వింది.

ఊరి మొదట్లో అమ్మమ్మ ఆగింది. గొంతు సవరించుకుని, రెండుసార్లు దగ్గింది. "ఇంటోళ్ళకి చప్పుడు చెయ్యకుండా ఎట్టా పోతామే" అంది. అప్పుడు గానీ లోపల అడుగు పెట్టలేదు.

బయట ఎండ మాడుతోంది. గుహ నీడలోకి వెళ్ళగానే ఒళ్ళు చల్లబడింది. ఇళ్ళు చిన్నవి, తలుపులు మరీ చిన్నవి, నాన్న నడుం దాకా వస్తాయి. రాతికీ రాతికీ మధ్య మట్టి మెత్తారు. ఆ మట్టిలో వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఒక గుర్తులో నా చిటికెన వేలు పెట్టాను, పట్టలేదు. నాకంటే చిన్నపిల్లలెవరో మట్టి అద్దారు. పైకప్పు రాయంతా మసి. అమ్మమ్మ తల పైకెత్తి ముక్కు ఎగబీల్చి, "పొయ్యి వాసన వస్తా ఉందే" అంది. నేనూ పీల్చాను. వచ్చింది.

పెద్ద టోపీ పెట్టుకున్న రేంజర్ ఒకావిడ, నెరిసిన జడ, సందర్శకులకు కథ చెబుతోంది. వానలు లేకో, కట్టెలు అయిపోయో, గొడవలు వచ్చో, ఒక తరంలోపే అందరూ ఊరు వదిలి దక్షిణానికి వెళ్ళిపోయారట. వాళ్ళ సంతతి ఇప్పటికీ ఉన్నారట, తనూ ఆ వంశమేనట. కుండలు, నూరుడు రాళ్ళు ఎక్కడివక్కడే వదిలేశారట. నేను అమ్మమ్మకు తెలుగులో చెప్పాను.

"కుండలంటే సరే" అంది అమ్మమ్మ. "రోలు వదిలిపెట్టి ఎవరు పోతారే? మళ్ళీ వద్దామనుకున్నోళ్ళే వదిలిపెడతారు."

ఇది రేంజర్‌కు ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆవిడ అమ్మమ్మను చాలాసేపు చూసి, మా నాయనమ్మ కూడా ఇదే అనేది అంది.

పొట్టి గోడ వెనక నీడలో ఆ నూరుడు రాళ్ళున్నాయి. రాతిపలకను ఏటవాలుగా పాతి, చుట్టూ చిన్న పలకలు నిలబెట్టారు. ఆడవాళ్ళు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఇంకో రాయిని ముందుకూ వెనక్కూ తోసి మొక్కజొన్నలు నూరేవారట. అమ్మమ్మ దాని ముందు కూర్చుంది. ముట్టుకోవద్దని బోర్డు ఉంది, కాబట్టి ముట్టుకోకుండా అంత దగ్గరగా మొహం పెట్టింది. పలకలతో బతికిన మనిషి, రాయిని చదవగలదు.

"ఎడమ పక్క ఎక్కువ అరిగింది చూడు. ఈవిడది ఎడమచేతి వాటం." ఆ అరుగుదల మీదికి ఇంకా వంగి, "ఇప్పుడే లేచి అవతలికి పోయినట్టుందే" అంది.

నాన్న కెమెరాలో రీలు అయిపోయింది. కారులో ఇంకోటి ఉందని గుర్తొచ్చింది. "అత్తయ్యా, మీరు ఈ నీడలోనే కూర్చోండి, ఇరవై నిమిషాల్లో వచ్చేస్తా" అని, నా వైపు వేలు చూపించి, "కదలకు" అని వెళ్ళాడు.

గోడకు ఇవతల, పది అడుగుల దూరంలో ఆ చదరపు కన్నం ఉంది. అందులోంచి నిచ్చెన కొమ్ములు రెండు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి గుండ్రటి నేలగదులుండేవట, పూజలకూ మాటామంతీకీ. ఇది ఒక్కటి పైకప్పు మళ్ళీ వేసి, చూసేవాళ్ళు దిగేలా ఉంచారు. ఒక జంట దిగింది. నా కాళ్ళు ఆగలేదు.

"అమ్మమ్మా, ఒక్క నిమిషం. దిగి వచ్చేస్తా."

"పో, పో. ఊరికే ఆడ కూర్చోబాక, తొందరగా వచ్చెయ్" అంది. అమ్మమ్మ పంపించింది. ఈ ముక్క నేను చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

లోపల చీకటి, పై కన్నంలోంచి ఒక ముక్క వెలుగు. నిచ్చెన కర్ర వాసన, చల్లటి మట్టి వాసన. ఆ జంట ఒక చుట్టు తిరిగి పైకి వెళ్ళిపోయారు. రేంజర్ మిగతావాళ్ళను అప్పటికే ఊరి అవతలి చివరకు తీసుకెళ్ళింది. నేనొక్కదాన్నే మిగిలాను. నేల మధ్యలో కొబ్బరికాయ పట్టేంత గుంట ఉంది. మొదటి మనుషులు ఈ లోకంలోకి అలాంటి దారిలోంచే వచ్చారని వాళ్ళ నమ్మకమని రేంజర్ చెప్పింది. నేను బోర్లా పడుకుని ఆ గుంటకు చెవి పెట్టాను. నడుం సంచీ కడుపు కింద ఒత్తుకుంటోంది. ఏమీ వినపడలేదు.

అప్పుడు పైనుంచి పిలుపు వచ్చింది.

"అమ్మణ్ణీ."

అమ్మమ్మ గొంతే. సన్నగా, మధ్యలో తెగినట్టు వచ్చింది. "ఆఁ" అనబోయి నోరు మూసుకున్నాను. మనుషుల్లేని ఊరు, పేరు పెట్టి పిలుపు. అమ్మమ్మ నన్ను పరీక్షిస్తోందనుకున్నాను. నాకు నవ్వొచ్చింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, నేల మీద పడుకుని నవ్వుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

"అమ్మణ్ణీ."

ఈసారి పైనుంచి రాలేదు. నా పక్కనుంచి, నేల ఎత్తు నుంచి వచ్చింది. గొంతు సన్నగా లేదు, తెగలేదు. నిండుగా, తొందర పెడుతున్నట్టు ఉంది. నా నవ్వు ఆగిపోయింది. లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాను. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించాను. మూడోది వస్తే మనిషి, పలకొచ్చు, నిచ్చెన ఎక్కి పరుగెత్తొచ్చు.

రాలేదు. దానికి బదులు పైన ఎక్కడో రాయి మీద రాయి తోస్తున్న చప్పుడు మొదలైంది. బర్రుమని ఒకసారి, ఆగి, మళ్ళీ బర్రుమని ఇంకోసారి. ఎవరో నూరుతున్నారు. ఆ ఎడమచేతి వాటం మనిషి తిరిగొచ్చి తన రాయి ముందు కూర్చుందనుకున్నాను. సంచీని రెండు చేతులతో గుండెకు హత్తుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా ఉండిపోయాను. నూరే చప్పుడు నెమ్మదించింది. ఒక చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ మధ్య ఎడం పెరిగింది. ఎంతసేపు ఉన్నానో తెలియదు.

ఆ తర్వాత నాన్న నా బడి పేరు పెట్టి అరిచాడు. ఒకటి, రెండు, మూడు. లెక్క పెట్టుకుని, అప్పుడు పలికాను.

పైకి వచ్చేసరికి అమ్మమ్మ నూరుడు రాయికి ఆనుకుని నేల మీద పడి ఉంది. తల రేంజర్ చేతుల్లో ఉంది. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఊపిరి లోపలికి వెళ్ళలేక బర్రుమని గీరుకుంటోంది. నేను కింద విన్న చప్పుడు అదే. ఎవరూ ఏమీ నూరలేదు.

"సంచీ ఇవ్వు, సంచీ" అన్నాడు నాన్న. ఇచ్చానని అనుకున్నాను గానీ ఇవ్వలేదట, హత్తుకునే నిలబడ్డానట. ఆయన నా చేతులు విడదీసి లాక్కున్నాడు. ఇన్‌హేలర్ తీసి అమ్మమ్మ నోట్లోకి రెండుసార్లు కొట్టాడు, మళ్ళీ రెండుసార్లు. ఇంకో రేంజర్ ఆక్సిజన్ సీసాతో పరుగెత్తుకొచ్చాడు. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని దిగివచ్చింది, వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కాసేపటికి అమ్మమ్మ ఛాతీ పైకి లేచింది, దిగింది. కళ్ళు తెరిచి వెతికి, నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది.

"పక్కనే ఉన్నావు కదా, పిలిస్తే వినపడలేదా?" అని నాన్న అడిగాడు.

"లేదు" అన్నాను.

కొండ కింద ఊళ్ళో డాక్టర్ చూసి, భయం లేదు గానీ ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు. ఆ మాటను అమ్మమ్మకు తెలుగులో చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. బాగానే ఉందంటున్నాడు అన్నాను.

సాయంత్రం మోటెల్లో అమ్మ మజ్జిగన్నం కలుపుతుంటే, దిండ్లకు ఆనుకుని కూర్చున్న అమ్మమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. కాఫీ మెషిన్ పక్కనుండే కాగితం పొట్లాల్లోంచి నాలుగు ఉప్పు పొట్లాలు తెమ్మంది. వాటిని చించి గుప్పిట్లో పోసుకుని, లేవలేక కూర్చునే, నాకు దిష్టి తీసింది. చచ్చి బతికింది ఆవిడ, దిష్టి నాకు. ఉప్పు సింకులో పోసి రమ్మంది. పోసి వచ్చి, ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చేశాను. అంతా చెప్పాను. వినపడిందని, పరీక్ష అనుకున్నానని, మూడోసారి పిలుస్తావని చూశానని.

అమ్మమ్మ చెయ్యి నా తల మీద ఆగింది.

"నేనెప్పుడు పిలిచానే?" అంది తర్వాత. "పిలవడానికి నాకు ఊపిరేడుంది? నేను పిలవలేదే అమ్మణ్ణీ."

"నీ గొంతే."

"నా గొంతుతోనే పిలుస్తయ్యి మరి. చెప్పాగా. నువ్వు పలక్కపోవడమే మంచిదయింది." చీర చెంగుతో నా మొహం తుడిచింది. "మీ అమ్మకు చెప్పబాక. పసిబిడ్డ తల్లి, జడుసుకుంటది."

చెప్పలేదు. చలికాలం రాకముందే ఆవిడ వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో ఎర్ర సంచీ విప్పి ఇచ్చాను. అది నడుముకు కట్టుకుని, చీర మీద వింతగా కనిపిస్తూ, "పొయ్యొస్తానే" అంది. నాలుగేళ్ళ తర్వాత తన ఊళ్ళో, నిద్రలో పోయింది. మళ్ళీ ఇక్కడికి రాలేదు.

ఆ ఊరి భయం మాత్రం నాతో చాలాకాలం ఉంది. ఖాళీ గదుల్లో ఒంటరిగా ఉండేదాన్ని కాదు. మొదటి పిలుపుకు పలకడం మానేశాను. అటెండెన్స్ తీసే టీచర్ ఒకావిడ నాకు చెవుడేమోనని ఇంటికి ఉత్తరం రాసింది. నేలమాళిగ ఉన్న ఇల్లు చాలారోజులు మా ఆయన్ను కొననివ్వలేదు. మేముండే ఆష్‌బర్న్‌లో నేలమాళిగ లేని ఇల్లు దొరకదని ఆయన వాదన.

నాకు కొడుకు పుట్టాక గానీ అమ్మమ్మ చేసిన పని అర్థం కాలేదు. వాడు నాలుగో ఏట గ్లాసు పగలగొట్టి, ముక్క నా కాలికి గుచ్చుకుంటే బిక్కమొహం వేశాడు. "నువ్వు కాదులేరా, గాలికి పడింది" అన్నాను. అన్న క్షణంలో ఆ మోటెల్ గది గుర్తొచ్చింది. అమ్మమ్మ పిలిచింది. రెండుసార్లూ ఆవిడే పిలిచింది, నేల పక్కనుంచి వినపడటం నా భయం. పదకొండేళ్ళ పిల్ల జీవితాంతం ఆ తప్పు మోయకూడదని, దాని చేతిలో ఒక దయ్యాన్ని పెట్టి పంపింది. దయ్యాన్ని ఎప్పటికైనా వదిలేయొచ్చు. ఆ రోజు సింకు దగ్గర కాలు కడుక్కుంటూ చాలాసేపు ఏడ్చాను. అక్కడితో ఆ కథ ముగిసిందనుకున్నాను.

నిన్న తమ్ముడు ఫొటో పెట్టిన గంటకు అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఇప్పుడు బాతెల్ ఊళ్ళో వాడి దగ్గరే ఉంటుంది.

"ఫొటో చూశావా?"

"చూశానమ్మా."

అవతల తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది.

"నీకు ఒకటి చెప్పాలే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నక్కూడా" అంది. "ఆ రోజు అమ్మ పిలవడం నాకు వినపడింది. పైన బెంచీ మీదికి. అమ్మణ్ణీ అని. గొంతు తేడాగా ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. కానీ వాడు అప్పుడే పాలు తాగి కళ్ళు మూశాడు, లేస్తే ఏడుస్తాడు. పిలిచింది నిన్ను కదా, నువ్వు పక్కనే ఉన్నావు కదా అనుకున్నా. మా అమ్మ అక్కడ చచ్చిపోతుంటే నేను కూర్చుని పిల్లాడి నిద్ర చూసుకున్నా."

"రెండుసార్లు విన్నావా?"

"ఒక్కసారే. రెండోసారి పిలిస్తే లేచేదాన్నే. దానికోసమే చెవి పెట్టి కూర్చున్నా. పిలవలేదు."

అమ్మ ఏడుస్తోంది. డెబ్బయ్యేళ్ళకు దగ్గరపడిన మనిషి, నా కొడుకు ఏడ్చినట్టు ముక్కు ఎగబీలుస్తూ ఏడుస్తోంది. ఇన్నేళ్ళూ నేను ఒక దయ్యంతో తిరిగాను. అమ్మకు ఆ దయ్యం కూడా ఎవరూ ఇవ్వలేదు.

"అమ్మా, విను" అన్నాను. "అమ్మమ్మ పిలవలేదు."

"నేను విన్నానే."

"నేనూ విన్నాను. ఆ రోజు మోటెల్లో అడిగాను. పిలవడానికి నాకు ఊపిరేడుంది, నేను పిలవలేదే అంది. ఆ ఊళ్ళో ఇంకెవరోనట. బాలింతవు, జడుసుకుంటావని నీకు చెప్పొద్దంది."

"నిజంగా అమ్మే అందా ఆ మాట?"

"ఒట్టు. తనే అంది."

ఫోన్‌లో అమ్మ పొడుగాటి ఊపిరి వినపడింది.

"పోన్లే" అంది. "అయితే లేవకపోవడమే మంచిదయింది."

ఆ తర్వాత మామూలుగా మాట్లాడింది. తమ్ముడు వేళకు తినడం లేదంది, అక్కడి పెరుగు సరిగ్గా తోడుకోవడం లేదంది. నేను ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేశాక మళ్ళీ ఆ ఫొటో తీసి, నేల మీద నల్లటి చదరాన్ని చూస్తూ కూర్చున్నాను.

మొదటి పిలుపు అమ్మమ్మది. అది అమ్మకూ వినపడింది, నాకూ వినపడింది. రెండోది అమ్మకు వినపడలేదు. అది నేల పక్కనుంచి, ఆయాసం లేని గొంతుతో వచ్చింది. అమ్మమ్మకు ఇంకోసారి పిలిచే ఊపిరి లేదని చూసి, అప్పుడే విన్న మాటను ఆవిడ గొంతుతోనే పట్టుకుని, ఆవిడ బదులు ఎవరో పిలిచారు. తన రాయి దగ్గర ఒక ముసలామె కూలిపోతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి ఎవరో.

ఆవిడకీ నేను పలకలేదు.